అన్నం నంజుకోవాలి, పప్పు తినాలి: బరువు తగ్గే సర్జరీ తర్వాత ఇంట్లో ఎలా ఉండాలి

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు చేతిలో ఒక డైట్ చార్ట్ పెడతారు. క్లియర్ లిక్విడ్, ఫుల్ లిక్విడ్, ప్యూరీ, సాఫ్ట్ అని నాలుగు గళ్ళుంటాయి. నాలుగేళ్ళ కింద నాకు స్లీవ్ సర్జరీ అయి ఇంటికొచ్చిన రోజు అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో చారు ఎక్కడుంది బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చార్ట్ ఒక భాషలో ఉంది, మా వంటిల్లు ఇంకో భాషలో ఉంది. ఈ రెంటినీ కలపడం నేర్చుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఏ వారంలో ఏం తినాలన్నది ఆసుపత్రికీ ఆసుపత్రికీ కొన్ని రోజులు తేడాగా ఉంటుంది. మీ సర్జన్, మీ డైటీషియన్ చెప్పినదే ఆఖరి మాట. ఆ మాటను హైదరాబాద్‌లోని ఒక మామూలు తెలుగింట్లో ఎలా అమలు చేయాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

లోపల ఏం మారింది

స్లీవ్‌లో కడుపులో దాదాపు ముప్పావు వంతు, కొందరికి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. బైపాస్ అనే ఇంకో రకం సర్జరీలో కడుపు పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. బైపాస్‌లో తిండి కొంత దారి తప్పించుకుని వెళ్తుంది కాబట్టి ఐరన్, బి12, కాల్షియం ఒంటికి తక్కువగా పడతాయి. ఈ తేడా గుర్తుంచుకోండి, మాత్రల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే భాగంలోనే. అందుకే మొదటి కొన్ని నెలలు ఆకలి అన్నదే తెలియదు. ఇది వరంలా అనిపిస్తుంది. కానీ ఆకలి లేదు కదా అని తినకుండా ఉంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కాబట్టి ఈ నెలల్లో కడుపు చెప్పినట్టు కాదు, గడియారం చెప్పినట్టు తినాలి. ఆకలి తర్వాత మెల్లగా తిరిగొస్తుంది. అది వచ్చేలోపు అలవాట్లు కుదురుకోవాలి.

మొదటి రెండు వారాలు: గుక్కలు కాదు, చుక్కలు

ఇంటికొచ్చే ముందే నాలుగు వస్తువులు సిద్ధం చేయించండి: 30 మిల్లీలీటర్ల కొలకప్పు, సన్నటి జల్లెడ, లీటరు గీతలున్న నీళ్ళ సీసా, చిన్న ఉగ్గుగిన్నె. మా ఇంట్లో నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె అటక మీద నుంచి దింపారు. మొదటి ఆదివారం అమ్మ పెసరకట్టు పలచగా కాచి, ఉప్పేసి, రెండుసార్లు వడగట్టి అందులో పోసి ఇచ్చింది. ఆ గిన్నెడు తాగడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో చల్లారితే రెండుసార్లు వెచ్చబెట్టింది. మీకూ అంతే సమయం పట్టొచ్చు. ఏదో తేడాగా ఉందని కంగారు పడకండి.

మొదటి ఒకట్రెండు రోజులు నీళ్ళు, వడగట్టిన పలచటి సూప్, కొబ్బరినీళ్ళు. తర్వాత చక్కెర లేని పాలు, పలచటి మజ్జిగ, పప్పుకట్టు, కోడికూర ఉడికించిన నీళ్ళు వడగట్టినవి, డైటీషియన్ రాసిన ప్రోటీన్ పౌడర్. ఇక చారు సంగతి: పులుపు, కారం బాగా తగ్గించి, పోపు గింజలు ఒక్కటి కూడా లేకుండా వడగడితే రెండో వారంలో చాలామందికి పడుతుంది. మా డైటీషియన్ ఒప్పుకున్నారు, మీవాళ్ళను అడగండి. రాగిజావ పెట్టొచ్చు కానీ చాలా పలచగా ఉండాలి. దాన్నే రోజంతా తాగిస్తే ప్రోటీన్‌కు చోటుండదు.

కొలకప్పు నింపుకుని పావుగంట పాటు కొంచెం కొంచెంగా తాగాలి. అయ్యాక మళ్ళీ నింపాలి. ఇలా తాగుతూ రోజుకు లీటరున్నర దాకా చేరాలి. మొదటి రోజుల్లో అంత పోదు, రోజురోజుకూ పెరుగుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చినా, లేవగానే కళ్ళు తిరిగినా, నోరు పిడచకట్టినా నీళ్ళు చాలట్లేదని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో సర్జరీ చేయించుకున్నవాళ్ళు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. మన ఎండలకు మామూలు మనుషులే తట్టుకోలేరు. సోడా, కూల్‌డ్రింకులు, చెరుకురసం మాత్రం వద్దు. గ్యాస్ కడుపును ఉబ్బిస్తుంది, చక్కెర ఇంకా చెడుపు చేస్తుంది.

మూడు బంతుల ఊపిరి పరికరం ఇస్తారు. అది అల్మారాలో పెట్టేది కాదు, ఊదాలో పీల్చాలో అడిగి తెలుసుకుని, చెప్పినన్నిసార్లు చేయండి. గంటకో రెండు గంటలకో లేచి హాల్లో, వరండాలో అయిదు నిమిషాలు నడవండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ నడకే. భుజంలో పట్టేసినట్టు వచ్చే గ్యాస్ నొప్పి కూడా నడిస్తేనే తగ్గుతుంది. ఆరు వారాల దాకా అయిదు కిలోలకు మించి ఎత్తకూడదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్, గ్యాస్ సిలిండర్, తడిబట్టల బకెట్, చంటిపిల్లాడు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇంట్లోవాళ్ళకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఇది మాత్రం మరవద్దు. సర్జరీ అయిన కొన్ని రోజుల్లోనే రెండూ దిగడం మొదలవుతాయి. పాత డోసే వేసుకుంటూ పోతే షుగర్ పడిపోతుంది. ఇంట్లో మీటర్‌తో చూసుకుంటూ, ఆ అంకెలు డాక్టర్‌కు చెప్పి డోసు మార్పించుకోవాలి. సొంతంగా ఆపేయకూడదు, పాతదే కొనసాగించనూ కూడదు.

ఇక, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు. జ్వరం, ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి 120 సార్లకు పైగా కొట్టుకోవడం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, నల్లటి విరేచనం, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు. వీటిలో ఏదొచ్చినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. దగ్గర్లోని క్లినిక్‌కు కాదు, సర్జరీ చేసిన చోటికే ఫోన్ చేయండి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిన్ పడిపోయి నరాలకు, మెదడుకు దెబ్బ తగులుతుంది. అందుకే ఆ ఒక్కదాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

రెండో వారంలో ఒకరోజు ఏడుపొస్తుంది. పక్క ఫ్లాట్‌లో పోపు వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళు పళ్ళేల ముందు కూర్చుంటారు, మీ చేతిలో కొలకప్పు ఉంటుంది. ఎందుకు చేయించుకున్నానురా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అది మీ తప్పు కాదు, తప్పుడు నిర్ణయమూ కాదు. తిండి మనకు కడుపు నింపేది మాత్రమే కాదు కదా, ఎన్నో ఏళ్ళ తోడు. ఆ తోడు ఒక్కసారి దూరమైతే దిగులు ఉంటుంది. ఎవరికైనా చెప్పుకోండి. దిగులు వారాల తరబడి పోకపోతే డాక్టర్‌కు చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

మూడో వారం నుంచి: మెత్తగా, ఒక్కొక్కటిగా

ఇప్పుడు పలుకు లేకుండా మెదిపిన తిండి మొదలవుతుంది. మెత్తగా ఉడికి మెదిపిన పెసరపప్పు, గట్టి పెరుగు, చిదిమిన పనీర్, పాలు కలిపి సన్నటి మంట మీద చేసిన మెత్తటి గుడ్డు. చేపలు తినేవాళ్ళకు కొరమీను ఈ వారాలకు సరిగ్గా సరిపోతుంది. ముళ్ళు తక్కువ, మాంసం మెత్తన. రాంనగర్ చేపల మార్కెట్లో బతికున్నది కోయించి, ఆవిరి మీద ఉడికించి, చేత్తో నలిపి ముల్లు లేదని రెండుసార్లు చూసుకుని తినండి. పులుసు ఇప్పుడే వద్దు.

కొత్త పదార్థం రోజుకు ఒక్కటే. ఏది పడలేదో తెలియాలంటే అదొక్కటే దారి. రెండు మూడు పెద్ద చెంచాలకే నిండినట్టుంటే అది సరైన కొలతే.

మూడో వారం దగ్గర బరువు తగ్గడం చాలామందికి ఉన్నట్టుండి ఆగుతుంది. వారం, పది రోజులు కాటా ముల్లు కదలదు. టెన్షన్ పడి తిండి ఇంకా తగ్గించకండి. ఒళ్ళు కొత్త లెక్కకు అలవాటు పడుతోంది, మళ్ళీ కదులుతుంది. రోజూ కాటా ఎక్కడం మానేసి వారానికి ఒక్కరోజు, ఒకే వేళకు చూసుకోండి.

ఆరు వారాల తర్వాత: కంచాన్ని తిరగేయండి

అసలు సంగతి ఇదే. మన భోజనంలో అన్నం మధ్యలో ఉంటుంది. పప్పు, కూర, పచ్చిపులుసు, పెరుగు అన్నీ ఆ అన్నాన్ని తినడానికి తోడు. "అన్నం తిన్నావా?" అనే అడుగుతాం కానీ పప్పు తిన్నావా అని ఎవరూ అడగరు. సర్జరీ తర్వాత ఈ వరుస తలకిందులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, చికెన్, పనీర్ తినేవి. అన్నం నంజుకునేది. ఆవకాయ ఎంత వేసుకుంటామో అన్నం అంత. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ అర్థమైతే మిగతా నియమాలన్నీ సులువైపోతాయి.

ఎందుకంటే కడుపులో పట్టేది అరకప్పు. ఆ అరకప్పు అన్నంతో నిండితే ప్రోటీన్‌కు చోటు లేదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలని డైటీషియన్లు చెబుతారు. మన ఇళ్ళలో అంత చేరడం తేలిక కాదు. ఒక రోజు ఎలా చేరుతుందో చూడండి. పొద్దున ఒక గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన: 10 గ్రాములు. పదకొండింటికి ప్రోటీన్ పౌడర్ కలిపిన పాలు: 20 పైన. మధ్యాహ్నం పావుకప్పు గట్టిపప్పు, 50 గ్రాముల మెత్తటి చికెన్: దాదాపు 19. సాయంత్రం చిన్న గిన్నెడు పెరుగు: 3 లేదా 4. రాత్రి 50 గ్రాముల పనీర్ లేదా చేప: 9 లేదా 10. మొత్తం 60 దాటింది. ఇందులో ఒక్క పూట తప్పినా లోటే.

శాకాహారులకు మీల్ మేకర్ మంచి ఆసరా. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రోటీనే. పాతిక గ్రాములు నానబెట్టి, పిండి, పొడిలా చేసి వండుకుంటే 12 గ్రాములు వస్తాయి. పప్పుచారును మాత్రం ప్రోటీన్ లెక్కలో వేయకండి, అందులో పప్పు కంటే నీళ్ళే ఎక్కువ. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే, కానీ అవీ అన్నం కోవలోవే. వాటిని తిని ప్రోటీన్ తిన్నామనుకోవడం చాలా ఇళ్ళలో చూస్తున్నాను.

తినే వరుస: ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్ళం కాబట్టి ముద్ద సైజు మార్చుకోవాలి. చేతికి ఏళ్ళ తరబడి నిమ్మకాయంత ముద్ద అలవాటు. ఇప్పుడది నానిన శనగగింజంత ఉండాలి. వేళ్ళు మాట వినకపోతే కొన్నాళ్ళు చిన్న చెంచాతో తినండి, ప్రతి ముద్దకూ చెంచా కింద పెట్టండి. ఒక్కో ముద్దను ఇరవై, ముప్పైసార్లు నమలాలి. భోజనానికి ఇరవై నిమిషాలకు తగ్గకూడదు, అరగంట దాటకూడదు. టీవీ ముందు ఇది జరగదు.

కంచం పక్కనుంచి నీళ్ళ గ్లాసు తీసేయండి. ఇది అన్నిటికంటే కష్టమైన అలవాటు, ఎందుకంటే నీళ్ళు పెట్టకుండా వడ్డించడం మనకు మర్యాద కాదు. కానీ తింటూ తాగితే తిండి త్వరగా కిందికి జారిపోతుంది, లేదా కడుపు పట్టక వాంతవుతుంది. తిన్న అరగంట తర్వాతే నీళ్ళు.

కడుపు నిండిందని పాత సంకేతం రాదు. కొత్తవి వస్తాయి. ముక్కు కారడం, ఒక్క ఎక్కిలి, తుమ్ము, రొమ్ము ఎముక కింద బరువు. ఎవరికి ఏది వస్తుందో రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. నాకు ముక్కు. అది కారిందంటే చేతిలో ఉన్న ముద్ద కూడా గిన్నెలో పెట్టేయాలి. పారేయడం పాపమని పెరిగినవాళ్ళం, పిల్లలు వదిలేసినవి కూడా తినే తల్లులం. కానీ ఇకపై మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, కడుపులోకి కాదు. అసలు వడ్డించుకునేటప్పుడే తక్కువ వేసుకుంటే ఆ బాధ ఉండదు.

సంకేతాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. ఏడో వారంలో దిల్‌సుఖ్‌నగర్‌లో వదిన వాళ్ళింటికి వెళ్ళాను. వేడివేడి ఉప్మా పెట్టింది. మాటల్లో పడి మూడు చెంచాలు గబగబా మింగాను. నాలుగోది దిగలేదు. గుండెల మధ్య పిడికిలి పెట్టి నొక్కినట్టు పట్టేసింది. నోట్లో నీళ్ళూరడం మొదలై ఆగలేదు. సింకు దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు తెల్లటి నురగ ఉమ్మాను. ఆఖరికి మింగినదంతా అలాగే వెనక్కి వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. మీకు ఇలా పట్టేస్తే నీళ్ళు తాగి దింపాలని చూడకండి, నొప్పి పెరుగుతుంది. లేచి నిలబడండి, మెల్లగా నడవండి. సర్దుకున్నాక ఆ పూటకు తిండి ఆపి, తర్వాత ద్రవాలతో మొదలుపెట్టండి. గంటలు గడిచినా తగ్గకపోతే ఆసుపత్రి. ఉప్మా, మెత్తటి బ్రెడ్, చపాతీ, ముద్దగా ఉడికిన అన్నం, ఎండిపోయిన చికెన్ ముక్క: ఇలా పట్టేసేవి ఎక్కువగా ఇవే.

బైపాస్ అయినవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది, డంపింగ్ అంటారు. తీపి ఎక్కువగా తింటే అది ఒక్కసారిగా పేగులోకి దూకుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు వస్తుంది. స్లీవ్ అయినవాళ్ళకూ అప్పుడప్పుడు వస్తుంది. డబుల్ కా మీఠా, కద్దూ కీ ఖీర్ పెట్టిన గిన్నె ముందుకొచ్చినప్పుడు ఇది గుర్తు రావాలి.

దావత్‌లు, ఇరానీ చాయ్, బిర్యానీ

హైదరాబాద్‌లో ఉంటూ వీటికి దూరంగా ఎన్నాళ్ళుంటాం. ఉండక్కర్లేదు, మూడు నాలుగు నెలలు దాటాక దారి ఉంది.

బిర్యానీలో ముక్కలు మీవి, అన్నం పక్కవాళ్ళది. మెత్తగా ఉడికిన ఒక ముక్కను పెరుగు పచ్చడితో నెమ్మదిగా తినండి, పైన ఒక్క చెంచా అన్నం. రంజాన్‌లో హలీం గురించి చాలామంది అడుగుతారు. గంటల తరబడి దంచి ఉడికించింది కాబట్టి మెత్తగా దిగుతుంది, మాంసం వల్ల ప్రోటీనూ ఉంటుంది. కానీ నెయ్యి ఎక్కువ, గోధుమ ఉంది, పైన వేయించిన ఉల్లిపాయ. ఒక ప్లేట్ నలుగురు పంచుకుని నాలుగైదు చెంచాలు తింటే చాలు. పైన నెయ్యి తీసేయించండి. రోజా ఉండాలనుకునేవాళ్ళు, ఏకాదశి ఉపవాసాలు చేసేవాళ్ళు ముందుగా సర్జన్‌ను అడగాలి. మొదటి ఏడాది నీళ్ళు లేకుండా పగలంతా ఉండడం మంచిది కాదు.

నిజానికి నాకు బిర్యానీ కంటే ఉస్మానియా బిస్కట్ అంటే ఎక్కువ భయం. బిర్యానీ అడ్డం పడుతుంది, హెచ్చరిస్తుంది. బిస్కట్ చాయ్‌లో ముంచితే కరిగిపోయి జారుతుంది. కడుపు నిండినట్టే ఉండదు. పది తిన్నా ఎక్కిలి రాదు. కారప్పూస, చిప్స్, ఐస్‌క్రీం, మిక్చర్ కూడా ఇంతే. ఏడాది, రెండేళ్ళ తర్వాత బరువు తిరిగి పెరిగినవాళ్ళను అడిగితే చాలామంది చెప్పేది వీటి గురించే. ఇంట్లో డబ్బాలే ఉంచకపోతే మంచిది. చాయ్ చక్కెర లేకుండా, తిండికి అరగంట ఎడంగా, చిన్న కప్పు.

పెళ్ళిళ్ళకు వెళ్ళేముందు ఇంట్లో గుడ్డో పనీరో తిని వెళ్ళండి. అక్కడ చేతిలో ఒక చిన్న గిన్నె పట్టుకుని తిరగండి, ఖాళీ చేతులు కనిపిస్తేనే జనం వడ్డిస్తారు. "ఇంత కూడా తినకపోతే ఎట్లా బిడ్డా" అని పెద్దమ్మ బగారా అన్నం గరిట పైకెత్తినప్పుడు, "పెద్దమ్మా, నాకు కడుపు ఆపరేషన్ అయింది, కొంచెం కొంచెమే తినమన్నారు" అంటే సరిపోతుంది. ఏ ఆపరేషనో ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. నేను సగం మందికి చెప్పాను, సగం మందికి చెప్పలేదు, రెంటికీ పశ్చాత్తాపం లేదు. "చిక్కిపోయావేంటి, షుగరొచ్చిందా?" అని మాత్రం తప్పకుండా అడుగుతారు. "లేదు, బాగున్నాను" అన్నది పూర్తి జవాబే.

మాత్రలు: బతికినంత కాలం

మంచిగా ఉన్నాను కదా అని రెండో ఏడు మాత్రలు ఆపేసేవాళ్ళు చాలామంది. దయచేసి ఆపకండి. మల్టీవిటమిన్, విటమిన్ డి, బి12, కాల్షియం, చాలామందికి ఐరన్ కూడా, జీవితాంతం ఉంటాయి. కాల్షియం సిట్రేట్ రకం అయితే బాగా పడుతుంది. తిండిలో వచ్చేదీ కలుపుకుని రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి కానీ మాత్రలు ఒక్కసారే కాదు, 500 చొప్పున విడివిడిగా. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఐరన్ మాత్ర వేసుకుని చాయ్ తాగితే మాత్ర దండగ. నేను వంటింటి తలుపు లోపలి వైపు నాలుగు వేళలు రాసి అతికించాను: పొద్దున ఐరన్, మధ్యాహ్నం కాల్షియం, సాయంత్రం కాల్షియం, పడుకునే ముందు మల్టీవిటమిన్. బైపాస్ వాళ్ళకు, మాంసం తినని వాళ్ళకు బి12 ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టర్ అయినా సరే, సర్జరీ అయిందని మొదటి మాటగా చెప్పండి.

మెడికల్ షాపులో మోకాళ్ళ నొప్పికి అడిగి మాత్రలు తెచ్చుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి చిన్న కడుపులో పుండ్లు చేస్తాయి, ముఖ్యంగా బైపాస్‌లో. పారాసెటమాల్‌తో కలిపిన మాత్రల్లో కూడా ఇవి దాగి ఉంటాయి, స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. సిగరెట్ కూడా ఆ పుండ్లకు కారణమే. మద్యం సర్జరీ తర్వాత చాలా త్వరగా, చాలా ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటు పడే ప్రమాదమూ పెరుగుతుంది.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలుతుంది. దువ్వెన నిండా, స్నానాల గది జాలీ నిండా. బరువు వేగంగా తగ్గడం వల్ల జరిగేది ఇది. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్ళీ వస్తుంది. నాకు పదో నెలలో నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు నిలబడ్డాయి. నూనెలకు వేలు పోయకండి, ఆ డబ్బుతో గుడ్లు, పనీర్ కొనండి.

వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు కూడా రావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే చెప్పండి. కొందరు డాక్టర్లు ముందుజాగ్రత్తగా ఆరు నెలలు మాత్ర ఇస్తారు.

పెళ్ళైన ఆడవాళ్ళకు ఒక మాట. పీసీఓడీ ఉన్నవాళ్ళకు బరువు తగ్గగానే నెలసరి దారిలో పడుతుంది, అనుకోకుండా గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆగాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును ముందే అడగండి. అత్తమ్మ వాళ్ళకు ఈ గడువు సంగతి డాక్టర్ చేతే చెప్పిస్తే ఇంట్లో ఒత్తిడి తగ్గుతుంది. మా ఇంట్లో అలాగే చేశాం.

నడక, బట్టలు, ఉంగరాలు

మొదటి నెల అపార్ట్‌మెంట్ వరండా చాలు. తర్వాత అరగంట నడక. కేబీఆర్ పార్క్ చుట్టూ ఉన్న దారి, సంజీవయ్య పార్క్, లేదా మీ కాలనీ వీధి. ఎండాకాలంలో పొద్దున ఏడింటి లోపే ముగించండి, సీసా వెంట ఉంచుకుని మధ్యమధ్య ఒక్కో గుటక వేయండి. మూడో నెలలో డాక్టర్ ఒప్పుకున్నాక చిన్న బరువులతో వ్యాయామం కలపండి. నడక ఒక్కటే కండను నిలబెట్టదు.

ఉంగరాలు మొదటి నెలలోనే తీసి దాచండి. నీళ్ళలో చేయి పెట్టినప్పుడు జారిపోతాయి, తెలియనే తెలియదు. మంగళసూత్రం గొలుసు, గాజులు వదులైనా సైజు చేయించడానికి తొందరపడకండి. బరువు ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గుతూనే ఉంటుంది. జాకెట్లు కూడా అంతే. మా టైలర్ మూడుసార్లు కుట్లు బిగించి, నాలుగోసారి, "అమ్మా, ఇక లోపల గుడ్డ లేదు, కొత్తది కుట్టిస్తా" అంది. అప్పటిదాకా రెండు మూడు జాకెట్లతో, నాడా ఉన్న సల్వార్లతో నడిపించండి. పాతవాటిలో ఒక జత మాత్రం ఇచ్చేయకుండా ఉంచుకోండి. కాటా కదలని వారాల్లో అది వేసుకుని అద్దం ముందు నిలబడితే, నడుం దగ్గర పిడికెడు గుడ్డ చేతిలోకి వస్తుంది.